పైడిరాజు పంచిన రొంప

పైడిరాజు తుమ్మగానే గాజుగోడ అవతల నిలబడ్డవాళ్ళంతా చప్పట్లు కొట్టారు. ఒకరిద్దరు గంతులు కూడా వేశారు. తుమ్మితే ‘చిరంజీవ’ అనేవాళ్ళని చూశాడు గానీ, ఇలా పండగ చేసుకునేవాళ్ళని అతను ఎన్నడూ చూడలేదు.

ఆ గుంపులో చప్పట్లు కొట్టనిది ఒక్క హైమావతే. ఆ తుమ్ము ఆమె కనిపెట్టిందే. తుమ్మినవాడు ఆమె భర్త.

విశాఖపట్నంలో సముద్రం కనిపించే కొండవాలు మీద ఉంది ఆ ప్రయోగశాల. యుద్ధాలు జరిగేచోట వైద్యం చేసే ఒక సేవాసంస్థ కోసం డాక్టర్ హైమావతి బృందం అక్కడ ఏళ్ళ తరబడి ఒక రొంపను పెంచుతోంది. మామూలు రొంప క్రిమే. దాని పైతొడుగుకి బిగువు జబ్బు క్రిమి నుంచి తీసిన చిన్న ముక్కను అతికించారు. బిగువు జబ్బు పిల్లల గొంతులో వాపు పుట్టించి ఊపిరాడనివ్వదు. ఈ రొంప పట్టినవాళ్ళు నాలుగు రోజులు ముక్కు చీదుకుంటారు, అంతే. ఆలోపు ఒంటికి బిగువు జబ్బును గుర్తుపట్టి ఎదిరించడం వచ్చేస్తుంది. సూది అక్కర్లేదు. మందు చల్లారకుండా మోసే ఐసు పెట్టెలూ అక్కర్లేదు. ఒకరు తుమ్మితే పక్కవాళ్ళకి, వాళ్ళు తుమ్మితే ఆ పక్కవాళ్ళకి రక్షణ అంటుకుంటూ పోతుంది. అది అదుపు తప్పకూడదని, నాలుగైదు ముక్కులు మారేసరికి దానంతటదే నీరసించి అంతరించేలా హైమావతి తయారుచేసింది.

చిక్కల్లా అది సీసాలో ప్రయాణం చెయ్యదు. మనిషి ముక్కులో మాత్రమే చేస్తుంది. తొలిరొంపను ఎవరో ఒకరు ఒంట్లో పెట్టుకుని తీసుకెళ్ళాలి. ఒకసారి పట్టినవాళ్ళకి మళ్ళీ పట్టదు. ప్రయోగశాలలో అందరికీ ఎప్పుడో పట్టేసింది. పైగా తొలిరొంప ఘాటైనది, రెండు వారాలదాకా వదలదు. దాన్ని నేరుగా తీసుకున్నవాళ్ళలో ప్రసూన అనే అమ్మాయి ఉంది. చక్కగా పాడేది. ఆమె గొంతు బొంగురుపోయి మరి తేరుకోలేదు. ఆమె నుంచి అంటుకున్నవాళ్ళకి మాత్రం ఏమీ కాలేదు.

పైడిరాజు మిమిక్రీ కళాకారుడు. విజయనగరం చుట్టుపక్కల అతని గొంతు వినని ఊరు లేదు. రైలు ఇంజను, కుక్కర్ విజిల్, పెళ్ళిలో అలిగిన మేనమామ, మైకు పట్టుకుని వదలని నాయకుడు, అందరూ ఆ ఒక్క గొంతులోనే కాపురముండేవారు. ఆ తొలిరొంపను తన ఒంటిమీద ఎక్కడ ఇంటికి తెస్తానోనని హైమావతి నెలల తరబడి ప్రయోగశాల వసతిగదిలోనే ఉండిపోయింది. భార్యాభర్తలు గాజుగోడకి చెరోవైపూ కూర్చుని, గోడకున్న ఫోనులో మాట్లాడుకునేవారు.

లూమెరా దేశంలో నది ఒడ్డున యుద్ధం నుంచి పారిపోయి వచ్చినవాళ్ళ శిబిరముంది. వానలు మొదలైతే అక్కడ బిగువు జబ్బు చెలరేగుతుంది. రొంపను తీసుకెళ్ళడానికి ఒక కుర్ర డాక్టరును సిద్ధం చేశారు. తీరా చివరి పరీక్షలో అతనికి అది ఎవరి నుంచో ముందే అంటిందని తేలింది. ఆ వేళకి పైడిరాజు క్యారియరులో భోజనం పట్టుకొచ్చి గాజుగోడ ముందు కూర్చునున్నాడు.

“నాకు రాలేదు కదా ఆ రొంప. నేనెల్తాను,” అన్నాడు ఫోనులో.

“మీకేమైనా మతి పోయిందా? మీ గొంతు ఏమవుతుందో తెలుసా?”

“ఏటవుతాది? పోతే పోతాది.”

“పోతే పోతుందా! ఆ గొంతుతోనే కదా నన్ను పెళ్ళికి ఒప్పించారు?”

“మరి పెళ్ళయిపోనాది కదే. ఇంకెందుకది?”

హైమావతికి నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. ఫోను పెట్టేసి లోపలికి వెళ్ళిపోయింది. మళ్ళీ వచ్చేసరికి అతను అక్కడే ఉన్నాడు. ఈసారి అతను నవ్వలేదు.

“పిల్లల గొంతులు మూసుకుపోతన్నాయని నువ్వే చెప్పినావు. నా గొంతు ఒక్కటీ దాచుకుని నేనేటి చేసుకుంటాను హైమా?”

 చివరికి హైమావతి ఒక షరతు పెట్టింది. “అక్కడ నోరు విప్పకండి. ఊరికే తుమ్మండి చాలు. గొంతుకి విశ్రాంతిస్తే దక్కే అవకాశం ఉంది.”

పైడిరాజు నెత్తి మీద చెయ్యి పెట్టుకుని ఒట్టేశాడు. మర్నాడే అతన్ని గాజుగోడ లోపలికి పంపి రొంప అంటించారు; అందరూ చప్పట్లు కొట్టింది ఆ తొలి తుమ్ముకే.

*

శిబిరంలో అతన్ని ఎదురొచ్చి దించుకున్నది మార్తమ్మ. బాపట్ల దగ్గర పుట్టి, ఎక్కడ తుపాకులు పేలితే అక్కడికి మందుల సంచితో వెళ్ళడం అలవాటైన నర్సు. లూమెరాలో ఏళ్ళుగా ఉండి ఆ భాష ధారాళంగా మాట్లాడుతుంది.

“నువ్వేనా తమ్ముడూ, పడిశం మోసుకొచ్చింది? నీ ముక్కు కోసం ఊరు ఊరంతా కాసుక్కూర్చుంది,” అంది.

పైడిరాజు మూతికి కట్టుకున్న గుడ్డ వెనకనుంచే నవ్వి, మాట్లాడకూడదని సైగ చేశాడు. ఆమె అతన్ని ముందుగా జబ్బుపిల్లల గుడారానికి తీసుకెళ్ళింది. అయిదారేళ్ళ పాప ఒకతె మంచం మీద పడుకునుంది. మెడ ముందు చిన్న కోత పెట్టి అందులోంచి ఊపిరికోసం గొట్టం వేశారు. పాప అతన్ని కళ్ళతో పలకరించింది. ఆ గొట్టంలోంచి గాలి వెళ్ళి వచ్చే చప్పుడు పైడిరాజు విన్నాడు. లోకంలోని చప్పుళ్ళన్నీ గొంతులోకి ఎక్కించుకునే అతను ఆ చప్పుడును మాత్రం ఎక్కించుకోలేకపోయాడు.

మార్తమ్మ శిబిరంలో అందరినీ కూర్చోబెట్టి విషయం ఉన్నదున్నట్టు చెప్పింది. కావాలనుకున్నవాళ్ళు ఆయన దగ్గరికి రండి, వద్దనుకున్నవాళ్ళు తాడుకి అవతల ఉండండి అంది. పెద్దవాళ్ళు చాలామంది ముందుకొచ్చారు. పిల్లలే రాలేదు. ఎర్రటి ముక్కుతో గుడ్లప్పగించి చూస్తూ, మాటా పలుకూ లేకుండా కూర్చున్న కొత్తమనిషిని చూసి హడలిపోయారు. ఒక పాపైతే తల్లి కొంగు వదలకుండా ఒకటే ఏడుపు.

పైడిరాజు ఒట్టు మర్చిపోయాడు. నోరు కదపకుండా మేకపిల్లలా అరిచాడు.

పాప ఏడుపాపి మేకపిల్ల కోసం వెతికింది. ఈసారి అది మార్తమ్మ జేబులోంచి అరిచింది. ఆ తర్వాత బాతులొచ్చాయి, తుప్పుపట్టిన చేతిపంపు వచ్చింది, గురకపెట్టే తాతొచ్చాడు. పిల్లలు ఒకళ్ళమీద ఒకళ్ళు పడుతూ అతని చుట్టూ చేరారు.

అలవాటు కొద్దీ పైడిరాజు హెలికాప్టరు మొదలెట్టాడు. మన ఊళ్ళలో ఈలలు పడే అంశం అది. పిల్లలందరూ ఒక్కసారిగా నేలకు బోర్లా పడిపోయారు. చిన్న చప్పుడు లేదు. వాళ్ళకి హెలికాప్టరంటే ఏమిటో అతనికి అప్పుడు వెలిగింది. అయినా గొంతు ఆపలేదు. ఆపితే ఆ భయం అక్కడే ఉండిపోతుంది. ఆ రెక్కల చప్పుడును మెల్లగా సన్నబరిచి తుమ్మెదగా మార్చాడు. తుమ్మెద అతని తల చుట్టూ తిరిగింది, చెవిలో దూరబోయింది, చివరికి ఎర్రటి ముక్కు మీద వాలి కసుక్కున కుట్టింది. అతను ‘కుయ్యో’మని ఎగిరాడు. ఒక్కొక్క తలే పైకి లేచింది. మేకపిల్ల కోసం వెతికిన పాప ముందుగా నవ్వింది. తర్వాత ఎవరూ ఆగలేదు.

సరిగ్గా ఆ నవ్వుల మధ్యలో పైడిరాజుకి తుమ్మొచ్చింది.

నాలుగు రోజులు తిరిగేసరికి శిబిరమంతా తుమ్ములే. రొట్టెలు కాల్చేవాళ్ళు తుమ్మారు, నీళ్ళ వరసలో నిలబడ్డవాళ్ళు తుమ్మారు. ఎవరు తుమ్మినా చుట్టూ ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టడం ఆనవాయితీ అయిపోయింది. మార్తమ్మ పిల్లల రక్తం పరీక్షించి చూసి, కళ్ళు తుడుచుకుని, తనూ ఓ తుమ్ము తుమ్మింది.

“మాట్లాడారా?” అని ఫోనులో అడిగింది హైమావతి. అతని ‘హలో’ వినగానే ఆమెకి అర్థమైపోయింది.

“నేను మాట్లాడలేదు. మేకపిల్లే మాట్లాడింది,” అన్నాడు పైడిరాజు. ఆ మాటకి అంచున కొంచెం జీర ఉంది.

*

నదికి అవతలి ఒడ్డు ఇంకో పక్షం చేతిలో ఉంది. అక్కడ కూడా పిల్లలున్నారు, అక్కడికీ వానలొస్తాయి. కానీ ఆ పక్షంవాళ్ళు డాక్టర్లను రానివ్వరు. ఒకప్పుడు మందులపెట్టెలు పట్టుకుని వచ్చినవాళ్ళు నిజానికి వేగులని తేలిందట. అప్పట్నుంచి తెల్లకోటు కనిపిస్తే కాల్చేస్తామని చెప్పేశారు.

రెండు ఒడ్లూ ఒప్పుకున్నది ఒక్కటే. నది మధ్యలో ఉన్న ఇసకదిబ్బ మీద వారానికోసారి సంత. అటువాళ్ళు చేపలూ మిరియాలూ తెస్తారు, ఇటువాళ్ళు ఉప్పూ గుడ్డలూ తెస్తారు. ఆ కాసేపూ తుపాకులు మాట్లాడవు.

శిబిరానికి పెద్ద డాక్టర్ రెనాటో. అలసిపోయిన మంచిమనిషి. ఆయన పైడిరాజునూ మార్తమ్మనూ కూర్చోబెట్టుకుని తన ఆలోచన చెప్పాడు. శిబిరంలో రొంప అప్పటికే నాలుగో ముక్కుకి చేరి నీరసించింది. అక్కణ్ణించి అవతలికి దాటినా ఎక్కువమందికి అందదు. పైడిరాజు ముక్కులోని తొలిరొంపకి మాత్రం ఇంకా రెండుమూడు రోజుల బలముంది. అతను ఉప్పు కొట్టువాడిలా సంతలో ఒక మూల కూర్చుంటే చాలు. ఒక్క మాటైనా మాట్లాడనక్కర్లేదు. ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేదు.

హైమావతి ఫోనులోనే అంతా విని, “ఆయన చెప్పినట్టే చెయ్యండి. పిల్లలూ బతుకుతారు, మీ గొంతూ దక్కుతుంది. నా మాట వినండి,” అంది బతిమాలుతూ.

పైడిరాజు మార్తమ్మ వైపు చూశాడు. “అక్కా, ఆలకి చెప్పకుండా అంటించీసేమనుకో. తర్వాత తెలిస్తే?”

“తెలవకుండా ఎట్టా ఉంటది తమ్ముడూ? తెలిసిన్నాడు నా చేత్తో జొరం బిళ్ళ ఇచ్చినా తీసుకోరు. ఆ ఒడ్డు శాశ్వతంగా మూసుకుపోద్ది.”

“విన్నావా హైమా? ఒకల ఒంట్లోకి మనం ఏటి పంపిస్తన్నామో ఆలకి తెలియాల. మంచిదైనా సరే, దొంగచాటుగా ఇవ్వలేను. చెప్పి ఇస్తాను.”

“చెప్పాలంటే మాట్లాడాలి...” అంది హైమావతి.

“అవును మరి.”

 ఆమె నెమ్మదిగా అంది, “వేడినీళ్ళు దగ్గర పెట్టుకోండి. గుక్కగుక్కకీ తాగండి.”

*

సంతరోజు ఎండ బాగా కాసింది. మార్తమ్మ తెల్లకోటు విప్పేసి పూలచీర కట్టుకుంది. ఇద్దరూ పడవలో దిబ్బకి చేరి, గాలి వీచే వైపు చూసుకుని, అందరికీ దూరంగా ఒక చివర నిలబడ్డారు. పైడిరాజు చేతులు పైకెత్తి, గొంతెత్తి చెప్పాడు. మార్తమ్మ ఒక్కో మాటా ఆ భాషలోకి మార్చింది.

“అమ్మలారా, అయ్యలారా! నాకు రొంప పట్టింది. మామూలు రొంప కాదు. ఇది పడితే పిల్లలకి బిగువు జబ్బు రాదు. పదిమందిలో తొమ్మిదిమందికి రాదు, ఒకరికి రావచ్చు, అబద్ధం చెప్పను. నాలుగు రోజులు ముక్కు కారతాది. కావలసినోళ్ళు దగ్గరికి రండి. వద్దన్నోళ్ళ జోలికి నేను రాను.”

 మరుక్షణం జనం బుట్టలు వదిలేసి పడవల వైపు పరుగెత్తారు. చూస్తుండగానే దిబ్బంతా ఖాళీ. చేపలూ, ఉప్పు కుప్పలూ, పైడిరాజూ, మార్తమ్మా మిగిలారు. అవతలి ఒడ్డున తుపాకులు పట్టుకున్నవాళ్ళు లేచి నిలబడ్డారు.

“పోదాం పా తమ్ముడూ,” అంది మార్తమ్మ నెమ్మదిగా.

పైడిరాజు కదల్లేదు. అప్పటిదాకా ఆ సంతలో అందరినీ మించి ఒక ముసలామె గొంతు మోగింది. చేపలమ్ముతూ, బేరమాడేవాళ్ళని కసురుతూ, మధ్యలో తనలో తను గొణుక్కుంటూ. అతనికి ఆ భాషలో ఒక్క ముక్క రాదు. అయినా ఆ ఎత్తుపల్లాలన్నీ చెవిలో ఉన్నాయి. ఖాళీ దిబ్బ మీద, వదిలేసిన చేపలబుట్ట వెనక చతికిలబడి, అచ్చం ఆమెలాగే చేపలమ్మడం మొదలెట్టాడు. కసిరాడు. గొణిగాడు. లేని కొనుగోలుదారుణ్ణి చేత్తో తోలేశాడు.

నీళ్ళలో పడవల మీదనుంచి ఒక నవ్వు వినబడింది. తర్వాత ఇంకొకటి. ఒక పడవ గిర్రున వెనక్కి తిరిగింది. అందులోంచి ఆ ముసలామె దిగి సుడిగాలిలా దూసుకొచ్చింది. ఆమె పేరు ఓజెరా. ఆమె తిట్లు మార్తమ్మ నోటిగుండా బాపట్ల యాసలో వచ్చాయి.

“ఎవడ్రా నువ్వు? నా బుట్ట ముందు కూర్చుని నన్నే ఎక్కిరిస్తావా?”

పైడిరాజు అదే గొంతుతో, అదే కోపంతో ఆమెకి జవాబిచ్చాడు. ఆ శబ్దాలకి అర్థమేమీ లేదు. అయినా ఓజెరా తన గొంతు తనకే ఎదురు తగలడంతో నోరు తెరుచుకుని ఉండిపోయి, తర్వాత పగలబడి నవ్వింది. నవ్వి నవ్వి ఇసకలో కూలబడింది. కాసేపటికి నవ్వు తగ్గింది. పమిటలాంటి గుడ్డతో ముఖం తుడుచుకుని అడిగింది.

“పోయిన వానల్లో నా పెద్దమనవడు గొంతు మూసుకుపోయి పోయాడు. చిన్నది ఉంది. నాకు ఈ రొంప పడితే దానికి అంటిద్దా?”

“అంటుద్ది,” అంది మార్తమ్మ. “నువ్వు పక్కలో పడుకోబెట్టుకుంటే చాలు.”

ఓజెరా జరిగి జరిగి వచ్చి, పైడిరాజు ముఖానికి జానెడు దూరంలో ముఖం పెట్టి, “ఊఁ. తుమ్ము,” అంది.

పైడిరాజుకి తుమ్ము రాలేదు.

ఎంత ప్రయత్నించినా రాలేదు. ముక్కు నలిపాడు, సూర్యుడి వంక చూశాడు. పడవల మీద జనమంతా ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. ఓజెరాకి విసుగొచ్చింది. పక్క బుట్టలోంచి గుప్పెడు మిరియాలు తీసి, రాయితో నలిపి, అతని ముక్కుకింద పెట్టింది.

ఆ తుమ్ముకి కాకులు లేచిపోయాయి. ఓజెరా ముఖం తుడుచుకోకుండా లేచి నిలబడి, పడవల వైపు చేతులూపింది. ఒక పడవ వచ్చింది. తర్వాత మూడు. తల్లులు పిల్లల్నెత్తుకుని నీళ్ళలో నడిచి వచ్చారు. కొందరు రానేలేదు, వాళ్ళు తమ బుట్టలు తీసుకుని దూరంగా వెళ్ళిపోతుంటే పైడిరాజు ముక్కు మూసుకుని పక్కకి తప్పుకుని దారిచ్చాడు.

అవతలి ఒడ్డునుంచి ఒక సైనికుడు తుపాకీ పట్టుకుని దిగాడు. నవ్వులు ఆగిపోయాయి. అతను పైడిరాజు ఎదురుగా నిలబడి, తుపాకీ గొట్టంతో అతని ముక్కు చూపించి ఏదో అడిగాడు.

“ఈ పని వల్ల నీకేమొస్తదని అడుగుతున్నాడు తమ్ముడూ.”

“రొంపొచ్చింది కదా, కనపడతా లేదేటి?” అన్నాడు పైడిరాజు. ఆ మాటకి గొంతు రెండుగా చీలింది.

మార్తమ్మ చెప్పేలోపే ఓజెరా సైనికుడి చెవి పట్టుకుంది. చిన్నప్పట్నుంచీ ఎరిగినవాడిలా ఉంది. నీ ఇంట్లో పసిబిడ్డ లేదా అని నిలదీసింది. అతను ముందు ఒడ్డు వైపు చూశాడు, తర్వాత నేల వైపు. చివరికి తుపాకీ ఉప్పుబస్తాకి ఆనించి, మోకాళ్ళ మీద కూర్చుని, కళ్ళు గట్టిగా మూసుకుని ముఖం ముందుకు చాపాడు.

మధ్యాహ్నానికి పైడిరాజు గొంతు పోయింది. బాతును మొదలుపెట్టి పూర్తిచెయ్యలేకపోయాడు. నోరు తెరిస్తే గాలి మాత్రమే వచ్చింది. అతను ఒక క్షణం గొంతు మీద చెయ్యి పెట్టుకున్నాడు. తర్వాత లేచి, మోచేతులు రెక్కలుగా చేసుకుని, బాతులా నడిచాడు. ‘క్వాక్’ పని పిల్లలు చూసుకున్నారు.

వారం తర్వాత అవతలి ఒడ్డునుంచి తుమ్ములు వినిపిస్తున్నాయని పడవవాళ్ళు చెప్పారు. కాపలా సైనికులు కూడా వరసగా తుమ్ముతున్నారట. ఇవతలి కాపలావాళ్ళు తుపాకులు పక్కనపెట్టి చప్పట్లు కొట్టారట.

*

వానలు వచ్చి వెళ్ళాయి. ఒక ఆదివారం ఉదయం విశాఖలో ఇంటికి మార్తమ్మ దగ్గర్నుంచి ఫోను వచ్చింది. హైమావతి ఇద్దరికీ వినబడేలా పెట్టింది. ఆ ఏడాది అవతలి ఒడ్డున ఇద్దరు పిల్లలకి బిగువు జబ్బు వచ్చిందనీ, వాళ్ళని ఓజెరాయే స్వయంగా పడవలో శిబిరానికి తీసుకొచ్చిందనీ, ఇద్దరూ లేచి తిరుగుతున్నారనీ మార్తమ్మ చెప్పింది. ఈసారి మార్తమ్మ తెల్లకోటు వేసుకునే ఆ ఒడ్డుకి వెళ్ళివచ్చిందట. ఒక్క బిడ్డ కూడా పోలేదు.

ఫోను పెట్టేశాక భార్యాభర్తలు ఎదురెదురుగా కూర్చున్నారు. మధ్యలో గాజుగోడ లేదు, రెండు కాఫీ గ్లాసులున్నాయి. పైడిరాజు గొంతు కొంత తిరిగొచ్చింది, అదీ ఇసక మీద చెప్పు ఈడ్చినట్టు. మాట్లాడొచ్చు, అంతకు మించి ఏమీ చెయ్యలేదు. రైలు ఇంజనూ, అలిగిన మేనమామా వెళ్ళిపోయారు. వాటి కోసం అతను ఒంటరిగా స్నానాల గదిలో ప్రయత్నించడం, ఆగిపోవడం హైమావతి రెండుసార్లు విన్నది.

“మీ గొంతుని నా రొంపే కదా తీసుకుపోయింది. బెంగగా లేదా?” అని అడిగింది.

“ఉండకేటి? ఉంది,” అన్నాడు. “కోడికూత కోసం మరీను. రోజూ పొద్దున్న లెగిసి కూసీవోణ్ణి. ఇల్లు బోసిపోయినట్టుంది.”

హైమావతి కాఫీ గ్లాసు కింద పెట్టింది. కుర్చీలో సర్దుకుని కూర్చుని, మెడ చాచి, కళ్ళు మూసుకుని, బతుకులో మొదటిసారి కోడిలా కూసింది.

అది కోడిలా లేదు. ఏ జంతువులానూ లేదు. పక్కింటి కిటికీ తెరుచుకుని, “ఎవరింట్లోనమ్మా, తలుపుసందులో పిల్లి నలిగిపోతున్నట్టుంది, చూడండి!” అని కేక వినబడింది.

పైడిరాజు నోటిమీద చెయ్యి పెట్టుకున్నాడు. ఆగలేదు. చప్పుడు రాని నవ్వుతో భుజాలు ఎగిరెగిరి పడ్డాయి, కళ్ళ వెంట నీళ్ళు కారాయి, కుర్చీ మీదనుంచి జారి నేలమీద కూర్చున్నాడు.

“తోక... తోక ఎత్తాల ముందు,” అన్నాడు ఎలాగో ఊపిరి తీసుకుని. “మళ్ళీ కుయ్యి.”

హైమావతి కిటికీ దగ్గరికి వెళ్ళి, రెండు తలుపులూ బార్లా తెరిచి, ఈసారి వీధంతా వినేలా కూసింది.